నింపేసిన జాగా

2008 డిసెంబరు. హైదరాబాదులో ఓ చిన్న హాలు. స్టేజి మీద నా మిత్రుడు తన కవితలు చదువుతున్నాడు. అతని వెనక పన్నెండడుగుల కాన్వాస్ మీద నేను బొమ్మ వేస్తున్నాను. రెండు పక్కలా స్పీకర్లలోంచి నేను ఏరి పెట్టుకున్న జాజ్ వస్తోంది. నాలుగో కవిత సగంలో అతను ఆపేశాడు. కాయితాలు మడుచుకుని, మైకు కట్టేసి, మెట్లు దిగి వెళ్లి ముందు వరసలో కూర్చున్నాడు. ఆ సంగతి నాకు తెలియలేదు. ఎనిమిది తొమ్మిది నిమిషాల పాటు తెలియలేదని తర్వాత చూసినవాళ్లు చెప్పారు. సంగీతం అయిపోయి హాలు సద్దుమణిగాక వెనక్కి తిరిగితే మైకు దగ్గర ఎవరూ లేరు.

బయట టీ కొట్టు దగ్గర అతను ఒక్కమాటే అడిగాడు. "ఒరే, ఇవాళ నా కవిత ఒక్కటైనా విన్నావా?"

వినలేదు. విన్నానని బొంకుదామన్నా ఒక్క పాదం గుర్తుకు రాలేదు.

ఇన్నేళ్లుగా ఈ సంగతి ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. జాజ్ నా గురువు అని ఊరంతా చెప్పుకు తిరిగినవాణ్ణి. ఆ గురువు చెప్పిన మొదటి పాఠమే చెవిన పెట్టలేదని ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

నేను వారపత్రికల్లో కథలకు బొమ్మలు వేసి బతికినవాణ్ణి. 1993లో అమెరికా నుంచి వచ్చిన బంధువు ఒకాయన ఒక క్యాసెట్టు తెచ్చిచ్చాడు. దాంతోపాటు ఆ ఆల్బమ్ ముందుమాట జిరాక్సు కూడా. ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ'. న్యూయార్కులో ఒకప్పుడు చర్చిగా ఉన్న కట్టడంలో కొలంబియా కంపెనీ స్టూడియో ఉండేది. 1959 మార్చి 2న కొన్ని పాటలు, ఏప్రిల్ 22న మిగతావి, అక్కడే రికార్డు చేశారు. ఆ రాత్రి నేను పూర్తిచెయ్యాల్సిన బొమ్మ పూర్తికాలేదు. ట్రంపెట్ అంత మెల్లగా, అంత ఒంటరిగా మాట్లాడుతుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఇండియన్ ఇంకు నిబ్బు మీదే ఎండిపోయింది.

పియానో వాయించిన బిల్ ఎవాన్స్ రాసిన ముందుమాట అది. అందులో అతను జపాను చిత్రకళ ఒకదాన్ని గురించి చెబుతాడు. పల్చగా సాగదీసిన కాయితం మీద నల్లరంగుతో వెయ్యాలట. చెయ్యి తడబడినా, మధ్యలో ఆగినా గీత చెడుతుంది, లేదా కాయితం చిరుగుతుంది. చెరపడం, దిద్దడం కుదరదు. జాజ్‌లో అప్పటికప్పుడు వాయించడం కూడా అలాంటిదే అని పోలిక తెచ్చాడు. బొమ్మలవాణ్ణి కదా, ఆ పోలిక నన్ను పట్టేసుకుంది. దాన్లోంచి నాకు కావలసింది మాత్రం తీసుకున్నాను: దిద్దకూడదు, ముందు ఆలోచించకూడదు, వచ్చింది వచ్చినట్టు వదలాలి. అప్పటిదాకా ఒక్కో కథను రెండుసార్లు చదివి, పెన్సిల్‌తో ఐదారు రఫ్‌లు వేసుకునేవాణ్ణి. ఆ అలవాటు మానేశాను. కొన్నాళ్లకు కథ చదవడం కూడా సగంలో ఆపేసి బొమ్మ మొదలుపెట్టేవాణ్ణి.

అదే ముందుమాటలో ఇంకో పేరా ఉంది. ఒక్కడు వాయించడం కన్నా నలుగురు కలిసి వాయించడం మరింత కష్టమని, ఉమ్మడి ఫలితం కోసం ప్రతివాడూ సానుభూతితో వంగాల్సి ఉంటుందని ఎవాన్స్ అందులో రాశాడు. ఆ జిరాక్సు కాయితం ఇప్పటికీ నా దగ్గరుంది. మొదటి పేరాల కింద ఎర్ర సిరాతో గీతలు గీసుకున్నాను. ఈ పేరా కింద ఏమీ లేదు.

అమ్మ సంగతి చెప్పాలి. అమ్మ పెళ్లికి ముందు సంగీతం నేర్చుకుంది. పొద్దున్నే పనుల్లో త్యాగరాజ కీర్తనలు పాడుకునేది. ఓ మధ్యాహ్నం ఆ క్యాసెట్టు మొదటి పాట 'సో వాట్' నడుస్తోంది. బాసు ఒక ప్రశ్న అడిగినట్టు వాయిస్తే మిగతావాళ్లు రెండే రెండు దెబ్బలతో బదులు చెప్పే పాట అది. అమ్మ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, చేతిలో గరిటె అలాగే పట్టుకుని వింది. "ఇవి ఖరహరప్రియ స్వరాలు కదరా, గమకం లేదంతే" అంది. ఇంకాసేపు విని, "మధ్యలో మొత్తం అరమెట్టు పైకి జరిపి మళ్లీ కిందికి తెచ్చాడేం?" అని అడిగింది.

అమ్మకు జాజ్ గురించి ఏం తెలుసు అనుకున్నాను. జవాబు చెప్పలేదు.

ఆవిడ అన్న ప్రతి అక్షరం నిజం. పాశ్చాత్యులు డోరియన్ అనే స్వరవరసా, మన 22వ మేళకర్త ఖరహరప్రియా ఒకే మెట్ల మీద నడుస్తాయి. ఆ పాట పదహారు బార్లు, అంటే తాళపు ఆవర్తాలు, ఒక చోట నిలుస్తుంది, ఎనిమిది బార్లు అరమెట్టు పైకి వెళుతుంది, ఆఖరి ఎనిమిదికి మళ్లీ మొదటి చోటికి దిగుతుంది. నేను పదిహేనేళ్లలో కొన్ని వందలసార్లు విని కూడా పట్టుకోలేనిది అమ్మ ఒక్కసారికే పట్టుకుంది. ఆవిడ వింటోంది. నేను ఆ పాటను నా బొమ్మకు నూనెలా వాడుకుంటున్నాను.

తర్వాత నీలం బొమ్మలు మొదలయ్యాయి. పొగ, నీలి వెలుగు, శాక్సఫోన్ మీద వంగిన నల్లటి ముఖం. ముప్పైకి పైగా వేశాను. ఒక ప్రదర్శన కూడా పెట్టాను. కొన్ని అమ్ముడుపోయాయి. జాజ్ నాలోకి దిగిందనడానికి ఆ డబ్బే రుజువు అనుకున్నాను. బొమ్మలో వాయిద్యం ఉంటే సంగీతం ఉన్నట్టే అని నిజంగా నమ్మాను.

స్టేజి మీద బొమ్మ వెయ్యాలన్న ఆలోచన లాంగ్‌స్టన్ హ్యూస్ వల్ల వచ్చింది. 1926లోనే బ్లూస్ పేరుతో మొదటి కవితా సంపుటి తెచ్చిన హార్లెం కవి ఆయన. 1958లో చార్లెస్ మింగస్‌తోనూ, లెనర్డ్ ఫెదర్‌తోనూ కలిసి తన కవితలను సంగీతంతో చదివి రికార్డు చేశాడు. ఆ సంగతి చదివానే గాని ఆ రికార్డు నేను వినలేదు. వినకుండానే మిత్రుడికి ఫోను చేశాను. అతను రాజమండ్రి దగ్గర ఒక ఊళ్లో బడిపంతులు. రైలెక్కి వచ్చాడు. "రిహార్సలు చేద్దాంరా ఒకసారి" అన్నాడు. "జాజ్‌కు రిహార్సలేంట్రా" అన్నాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు ముడుచుకుపోతోంది.

హ్యూస్ రికార్డు చాలా ఆలస్యంగా విన్నాను. వెనక అంతమంది వాయిస్తున్నా ఆయన గొంతు ఎక్కడా మునిగిపోదు.

ఆ సాయంత్రం తర్వాత మేం పోట్లాడుకోలేదు. అతను ఫోను చెయ్యడం తగ్గించాడు. నేను చేస్తే ఎత్తి, పిల్లల చదువుల గురించి మాట్లాడి పెట్టేసేవాడు. కవితల మాట ఎత్తేవాడు కాదు.

నా కళ్లు తెరిపించినవాడు రొమేర్ బేర్డెన్. 1911లో నార్త్ కరొలైనాలో పుట్టి హార్లెంలో పెరిగిన చిత్రకారుడు. వాళ్లింటికి డ్యూక్ ఎల్లింగ్టన్, హ్యూస్ వంటివాళ్లు వచ్చిపోతుండేవారు. ఆయన స్టూడియో కొంతకాలం అపోలో థియేటర్ పైన ఉండేది. పత్రికల్లోంచి కత్తిరించిన ముఖాలు, చేతులు, గుడ్డల ముక్కలు అతికించి ఆయన చేసిన కొలాజ్‌లు 1964 నుంచి పేరుకెక్కాయి. పత్రికల మధ్య బతికినవాణ్ణి కాబట్టి నన్ను ముందు లాగింది ఆ కత్తిరింపులే. ఆ తర్వాత ఆయన ఎలా నేర్చుకున్నాడో చదివాను.

స్టువర్ట్ డేవిస్ అని ఇంకో చిత్రకారుడు ఉండేవాడు. పియానిస్టు ఎర్ల్ హైన్స్ అంటే ఎంత ఇష్టమంటే కొడుకు పేరులో ఆయన పేరు చేర్చుకున్నాడు. ఆ డేవిస్ దగ్గరికి బేర్డెన్ బొమ్మల గురించి అడగడానికి వెళితే, హైన్స్ రికార్డులు విను అన్నాడట. స్వరాలను కాదు, వాటి మధ్య హైన్స్ వదిలే ఎడాన్ని వినమన్నాడట. బేర్డెన్ గంటలు గంటలు విన్నాడు. వరస వినిపించడం మానేసి, మధ్యనున్న నిశ్శబ్దాలు మాత్రమే వినిపించేదాకా విన్నాడు. తర్వాత బొమ్మలో రంగుకీ రంగుకీ మధ్య ఎంత దూరం ఉండాలన్నది ఆ చెవితో నిర్ణయించుకున్నాడు.

ఆ పేజీ దగ్గర పుస్తకం ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నా ముప్పై నీలం బొమ్మల్లో ఖాళీ అన్నది అరచెయ్యంత కూడా లేదు. పొగ కూడా పెట్టాను, ఖాళీ మిగిలితే కప్పడానికి.

ఆ వారమే 'వెదర్ బర్డ్' విన్నాను. 1928 డిసెంబరులో షికాగోలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, హైన్స్ ఇద్దరే వాయించింది. డ్రమ్ము లేదు, బాసు లేదు. మూడు నిమిషాలు కూడా నిండదు. కాయితం ముందు పెట్టుకుని, ఎవరో ఒకరు ఆగిన ప్రతిచోటా పెన్సిల్‌తో ఒక గీత పెట్టాలని కూర్చున్నాను. మొదటిరోజు ఒక్క గీత కూడా సరిగ్గా పెట్టలేకపోయాను. ట్రంపెట్ వినపడగానే చెవి దాని వెంట పోయేది. నాలుగో రోజుకు పియానో ఎక్కడ తప్పుకుంటోందో కొంచెం తెలిసింది. ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక మాట విసిరితే హైన్స్ దాన్ని అందుకోబోయి ఆగుతాడు. ఆ ఆగిన చోట ఆర్మ్‌స్ట్రాంగ్ ఇంకో మాట పెడతాడు. ఇద్దరూ ఒకర్నొకరు తరుముతారు, కాని ఒకరి కాలు ఒకరు తొక్కరు. రెండు వారాలు పట్టింది నాకు. నా వయసు అప్పటికి నలభై అయిదు.

ఆ తర్వాత పాత సంగతులన్నీ వేరే వెలుగులో కనిపించాయి. మోన్‌డ్రియాన్ అనే చిత్రకారుడు 1940లో, అరవై ఎనిమిదేళ్ల వయసులో న్యూయార్కు చేరి బూగీ వూగీ పియానో విని మురిసిపోయాడు. ఏళ్ల తరబడి వాడిన నల్లగీతలు వదిలేసి, పసుపు దారుల మీద ఎర్ర, నీలం చిన్న గళ్లు పేర్చి 'బ్రాడ్వే బూగీ వూగీ' వేశాడు. ఎడమచెయ్యి ఆపకుండా కొట్టే ఆ దరువు ఉంది దాన్లో. పియానో ఎక్కడా లేదు. మరో చిత్రకారుడు మతీస్ 'జాజ్' పుస్తకం 1947లో వచ్చింది, ఇరవై రంగుల బొమ్మలతో. 1941లో పెద్ద ఆపరేషన్ అయ్యాక మంచం మీదా చక్రాల కుర్చీలోనూ కూర్చుని కత్తెరతో చేసినవి. అందులో ఎక్కువ సర్కసే ఉంటుంది, ట్రంపెట్ పట్టుకున్నవాడు ఉండడు. రంగుల బొమ్మల మధ్య ఆయన తన చేతిరాతతో పేజీలు పెట్టాడు. ఆ రాత ఉన్నది బొమ్మలకు తోడుగా, కంటికి ఊపిరి పీల్చుకునే చోటుగా. ఆ పుస్తకం బొమ్మల కాపీలు నా గోడ మీద పన్నెండేళ్లు ఉన్నాయి. చేతిరాత పేజీలు అంటించుకోలేదు, అవి అనవసరం అనుకుని.

రఫ్‌లు మళ్లీ మొదలుపెట్టాను. సానీ రోలిన్స్ అప్పటికే పెద్ద పేరున్న శాక్సఫోన్ విద్వాంసుడు. 1959లో కచేరీలు మానుకుని, 1961 దాకా విలియమ్స్‌బర్గ్ వంతెన మీద నిలబడి సాధన చేశాడు. అది చదివాక కథను రెండుసార్లు చదవడానికి నాకు బద్ధకం వెయ్యలేదు.

కాని అసలు దెబ్బ ఇంకా మిగిలే ఉంది. ఆ సాయంత్రాన్ని ఎవరో వీడియో తీశారు. దాన్ని చూడటానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది. రెండో కవిత మిత్రుడి నాన్న పోయిన రోజు గురించినది. నాకు ఆయన తెలుసు. వాళ్లింట్లో ఆయన పక్కన కూర్చుని భోంచేశాను. ఒక పాదం దగ్గర మిత్రుడి గొంతు పూడుకుపోయింది. మాట తప్పాడు, ఆగాడు. కాయితం వైపు చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడు వెనక నేను కుంచె నిండా నీలం ముంచి కాన్వాస్ మీద ఫట్‌మని కొట్టాను. నాలుగుసార్లు. జనం నా వైపు చూశారు. అతను గొంతు సవరించుకుని తర్వాతి పాదానికి వెళ్లిపోయాడు.

పియానిస్టు హెర్బీ హాన్‌కాక్ చెప్పుకున్న కథ ఒకటి ఉంది. 1960లలో యూరప్‌లో ఒక కచేరీ. అదే 'సో వాట్'. మైల్స్ సోలో ఊపందుకున్న చోట హాన్‌కాక్ చెయ్యి పూర్తిగా తప్పు కార్డు (ఒకేసారి మోగే స్వరాల గుంపు) మీద పడింది. అంతా కూల్చేశాననుకుని చెవులు మూసుకున్నంత పని చేశాడు. మైల్స్ ఒక్క క్షణం ఆగి, ఆ తప్పు కార్డును ఒప్పు చేసే స్వరాలు వాయించాడు. అది తప్పని ఆయన అనుకోలేదు, జరిగిన సంగతి అనుకున్నాడు అంటాడు హాన్‌కాక్. ఆ కథ నేను ఎన్ని సభల్లో చెప్పానో లెక్కలేదు. నా ముందు ఒక మనిషి తడబడి నిలబడితే నేను చేసింది ఆ వీడియోలో ఉంది.

అమ్మ అప్పటికి లేదు. ఉంటే 'సో వాట్' పెట్టి, ఆ అరమెట్టు ఎందుకు జరిపాడో కూర్చుని మాట్లాడుకునేవాళ్లం.

నిరుడు దసరా వెళ్లాక ఒక రాత్రి మిత్రుడికి ఫోను చేశాను. రిటైరయ్యాడు. మోకాళ్ల నొప్పులు, మనవరాలు, వానలు, అన్నీ అయ్యాయి. "నాన్నగారి కవిత చదువుతావా?" అన్నాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు. ఆ చప్పుడు లేకపోవడంలోకి నేను మాట వెయ్యలేదు. తర్వాత కాయితాలు వెతుకుతున్న అలికిడి, కుర్చీ జరిపిన మోత వినపడ్డాయి.

చదివాడు. పెన్సిల్ చేతిలో ఉంది, తెల్లకాయితం ముందుంది. అతను ఆగినచోట మాత్రమే ఒక గీత పెడుతూ వెళ్లాను. ఆ పాదం దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ఆగాడు, పదహారేళ్ల కిందట ఆగినట్టే. గీత పెట్టి పెన్సిల్ పక్కన పెట్టేశాను.

కవిత అయిపోయింది. కాయితం మీద పదకొండు గీతలున్నాయి. అతను ఏమీ అనలేదు, నేనూ అనలేదు. ఫోను మాత్రం ఇద్దరం పెట్టెయ్యలేదు.