గ్యాప్ సర్టిఫికెట్టు: టీకా తాత్పర్య సహితము

అవతారిక

జగిత్యాల జిల్లాకు చెందిన ఒక బీసీ యువకుడు ఇంటర్ పాసై, దుబాయిలో షట్టరింగు పని చేసి, ఇరవై ఆరో ఏట ఇల్లు చేరి, డిగ్రీ చదువుతానన్నాడు. ఇంట్లోవాళ్లు "గిప్పుడేం సదువురా" అన్నారు. దోస్త్ మాత్రం ఏమీ అనలేదు. 2016 నుంచి తెలంగాణలో డిగ్రీ సీట్లు పంచుతున్న ఆ ఆన్‌లైన్ వ్యవస్థకు మార్కులతోనే పని. సీటొచ్చింది. పేచీ అంతా ఆ తర్వాతి ఫీజు రీయింబర్స్‌మెంటు దగ్గర మొదలైంది. అందులో రెండు భాగాలు: కాలేజీకి చేరే ట్యూషన్ ఫీజు ఆర్‌టీఎఫ్, విద్యార్థికి అందే ఉపకారవేతనం ఎంటీఎఫ్. రెండింటికీ సర్కారువారి ఉపకారవేతనాల పోర్టలు ఈపాస్‌లో దరఖాస్తు, దరఖాస్తు వెంట కట్టెడు కాగితాలు. ఇంటర్ మెమో మీది సంవత్సరాన్నీ గోడ మీది క్యాలెండరునూ మార్చి మార్చి చూసిన కాలేజీ క్లర్కు "గ్యాప్ సర్టిఫికెట్ పట్టుకరా" అన్నాడు.

ఈ కథకు నాయకుడైన ఆ యువకుడు తహసీల్ ఆఫీసు ఎదుట వేపచెట్టు కింద లాప్‌టాపు, ప్రింటరు పెట్టుకుని కూర్చున్న డాక్యుమెంటు రైటరును ఆశ్రయించాడు. నూరు రూపాయల స్టాంపు కాగితం మీద వెలువడిన గద్యం ఇది.

మూలము

నేను అనగా ఫలానా, తండ్రి ఫలానా, వయస్సు 26 సం॥, జగిత్యాల జిల్లా వాస్తవ్యుడను, ఇంటర్మీడియట్ పిమ్మట నేటి వరకు ఏ విద్యాసంస్థయందును చదువలేదనియు, ఏ ఉపకారవేతనమును పొందలేదనియు, పై సంగతులు నాకు తెలిసినంత వరకు యథార్థములనియు ప్రమాణపూర్వకముగా తెలియజేయుచున్నాను.

ప్రతిపదార్థము

*నేను అనగా* = నేనెవరో ఇంకా తేలలేదు గనుక. టెన్త్ మెమోలో నాయకుడి ఇంటిపేరు ముందుంది, పాస్‌పోర్టులో వేరే గడిలో ఉంది, ఆధార్‌లో పొడి అక్షరమై మిగిలింది. ఈపాస్ మనిషిని పట్టుకునేది పదో తరగతి హాల్ టికెట్ నంబరుతో, పాసైన ఏడుతో, పుట్టిన తేదీతో. కాబట్టి "అనగా" తర్వాత రావలసింది టెన్త్ మెమోలోని పేరే. దుబాయి ఇమిగ్రేషన్ వాళ్లు ఏ పేరుతో పిలిచినా అది ఇక్కడ అప్రస్తుతం.

*వయస్సు 26 సం॥* = ముదురు వయసే గాని మించిపోలేదు. బీసీ, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఈ పథకంలో 34 ఏళ్ల దాకా గడువుంది. ఇంకో రెండు వీసాలు కొట్టి వచ్చినా సరిపోయేది.

*జగిత్యాల జిల్లా వాస్తవ్యుడను* = ఇక్కడ నాయకుడు ఊరికే భయపడ్డాడు, ఇన్నేళ్లు దేశంలో లేనివాడిని స్థానికుడంటారా అని. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు సంప్రదాయంలో స్థానికతకు మొదటి కొలత చదువు. అర్హత పరీక్షకు తొలిసారి కూర్చున్న ఏటితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడివాడు. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా జగిత్యాలలోనే వెలగబెట్టాడు గనుక ఆ తర్వాతి దుబాయి వాసం స్థానికతను అంటదు.

(పాఠాంతరము: ఇంగ్లండు శాఖవారి సూత్రం వేరు. అక్కడ విద్యార్థి సాయం కావాలంటే, సాధారణంగా కోర్సు మొదలయ్యే నాటికి వెనక మూడేళ్లు ఆ దీవుల్లోనే కాపురం ఉన్నట్టు చూపాలి. మధ్యలో పరదేశంలో కొలువు చేసి వచ్చినవాడు అది తాత్కాలిక ప్రవాసమేనని కాగితాలతో నిరూపించుకోవాలి. ఈ ఒక్క విషయంలో మన ఆచార్యులే దయాళువులు.)

*ఇంటర్మీడియట్ పిమ్మట నేటి వరకు* = ఈ పదబంధంలోనే కథంతా ఉంది. పాస్‌పోర్టు, మెడికల్, ఏజెంటు, అప్పు, సోనాపూర్ క్యాంపు, గదికి ఎనిమిది మంచాలు, తెల్లవారుజామున కంపెనీ బస్సు, నలభయ్యైదు డిగ్రీల ఎండ, వీసా క్యాన్సిల్, శంషాబాద్ విమానాశ్రయం. వ్యాకరణం మాత్రం దీన్ని అవ్యయంగా లెక్కగట్టి ముందుకు పోయింది.

*ఏ విద్యాసంస్థయందును చదువలేదనియు* = అక్షరాలా నిజం. ప్లైవుడ్ షీటును ఎలా బిగిస్తే కాంక్రీటు ఒత్తిడికి పగలదో, బెంగాలీ ఫోర్‌మన్ హిందీని అరబ్బు ఇంజనీరు ఇంగ్లీషులోకి ఎలా మలచాలో నేర్పిన చోటుకు యూజీసీ గుర్తింపు లేదు.

*ఏ ఉపకారవేతనమును పొందలేదనియు* = వేతనమే పొందాడు. దాని సంగతి మున్ముందు వస్తుంది.

*నాకు తెలిసినంత వరకు* = ఇది భీరువైన ప్రయోగమని కొందరంటారు. తన బతుకు గురించి తనకే "తెలిసినంత వరకు" ఏమిటని వారి ఆక్షేపణ. డాక్యుమెంటు రైటరు సంప్రదాయం ప్రకారం ఇది రక్షరేకు. తీయరాదు.

అలంకారము

అపహ్నుతి. ఉన్నదానిని కాదని, దాని స్థానంలో లేనిదానిని నిలపడం దీని లక్షణం. "ఇది శ్రమ కాదు, ఖాళీ" అని ఇక్కడ అన్వయం.

తాత్పర్యము

ఈ గద్యంలో ఒక్క అబద్ధం లేదు. మనిషి మాత్రం లేడు. దరఖాస్తు శాస్త్రానికి తెలిసిన కాలం ఒకటే, చదివే కాలం. చదవని కాలమంతా దానికి గ్యాపు. వాడు జ్వరంతో పడుకున్నా గ్యాపే, అంతస్తు మీద అంతస్తు పోసినా గ్యాపే.

పైగా ఆ కాలానికి లెక్కలు లేవనుకుంటే పొరపాటు. ఎమిరేట్స్‌లో 2009 నుంచి ప్రైవేటు కంపెనీల జీతాలు బ్యాంకుల మీదుగా నడిచే పద్ధతి వచ్చింది. ఏ కూలికి ఏ నెల ఎంత ముట్టిందో అక్కడి కార్మిక శాఖకు తెలుస్తుంది. ఇక్కడ సంగతి విచిత్రం. టెన్త్ తప్పినవాడు గల్ఫ్‌లో పనికి వెళ్లాలంటే 1983 వలస చట్టం కింద ఎమిగ్రేషన్ క్లియరెన్సు తీసుకోవాలి, ఆ వంకనైనా సర్కారు పుస్తకాల్లోకి ఎక్కుతాడు. టెన్త్ పాసైనవాడికి ఆ అవసరం లేదు. మన నాయకుడు ఇంటర్ కూడా పాసయ్యాడు. ఆ పాసైన పుణ్యానికే లెక్కలోంచి జారిపోయాడు.

పూర్వపక్షము

"దుబాయి జీతం ఆదాయం కాదా? గ్రామీణ బీసీ కుటుంబానికి పరిమితి ఏడాదికి లక్షన్నర. నెలకు వెయ్యి దిర్హాములే అనుకున్నా, దిర్హాముకు ఇరవై రెండు రూపాయల చొప్పున వేసినా, ఏడాదికి రెండున్నర లక్షలు దాటింది. కావున వీడు అనర్హుడు."

సిద్ధాంతము

ఆ జీతం వీసాతోపాటే రద్దయింది. దోస్త్ కోరేది చేరే ఏడు ఏప్రిల్ 1న గాని ఆ తర్వాత గాని మీసేవలో తీసిన ఆదాయ ధ్రువపత్రం. నాయకుడు దిగింది మార్చిలో. ఇప్పుడా ఇంట్లో లెక్కకు వచ్చేది ఎకరం పొలం, తల్లి చుట్టే బీడీలు.

అయినా చిక్కు వదలలేదు. వీఆర్వో వ్యవస్థను 2020లో రద్దు చేశాక ఆదాయ విచారణ గిర్దావర్ మీద, అనగా రెవెన్యూ ఇన్స్పెక్టరు మీద పడింది. ఆయన వచ్చి ఇంటి మీది కొత్త స్లాబును తలెత్తి చూసి, "దుబాయి పైసలతోనే పోసిన్రు గదా" అన్నాడు. స్లాబు ఆస్తి, ఆదాయం కాదు. అది నెలనెలా ఏమీ ఈనదు. ఆ మాట తల్లి అనలేదు, చాయ్ పెట్టింది.

మరి పాత జీతానికైనా రుజువేదంటే, ఎమిరేట్స్‌లో జీతం మీద పన్ను లేదు. ప్రవాసి అక్కడ సంపాదించి అక్కడే అందుకున్న జీతానికి ఇక్కడా పన్ను లేదు. ఫారం 16 లేదు, రిటర్ను లేదు. ఆదాయం ఉన్నప్పుడు కాగితం అడిగినవాడు లేడు. కాగితం అడిగేనాటికి ఆదాయం లేదు. ఏజెంటుకు కట్టేందుకు చేసిన అప్పును ఆ జీతంలోంచి తీసివేయవచ్చునా అని శంక. చట్టం ప్రకారం రిక్రూటింగ్ ఏజెంటు పుచ్చుకోదగిన సేవా రుసుము 30 వేలకు మించరాదు, పైన జీఎస్టీ. అంతవరకే రసీదు ఉంది. మిగిలినదానికి రసీదు లేదు గాని వడ్డీ ఉంది.

విశేషములు

1. బ్యాంకు ఖాతా: నాయకుడి ఖాతా ఎన్‌ఆర్‌ఈ. పరదేశపు సొమ్ము తప్ప ఇక్కడి సంపాదన అందులో జమ కారాదు. తిరిగొచ్చినవాడు బ్యాంకుకు చెప్పుకుని మామూలు సేవింగ్స్ ఖాతాగా మార్పించి, ఆధార్ జోడించుకుంటే తప్ప ఎంటీఎఫ్ వచ్చి పడదు. మనిషి ఊళ్లో కాలుపెట్టి నెలలైనా ఖాతా ఇంకా దుబాయిలోనే ఉంటుందని భావం.

2. హాజరు: 75 శాతం తప్పనిసరి. పగలు పనికి పోయి తీరికవేళ చదువుకుందామంటే 1982లో పుట్టిన అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉండనే ఉంది గాని, దూరవిద్యకు ఈ పథకం వర్తించదు. అంటే సంపాదన పూర్తిగా మానుకున్నవాడికే సాయం. అలవాటుపడ్డ చేతులను మూడేళ్లు బెంచీ కింద దాచుకోవాలి. ఈ సాయంలో అసలు కష్టం ఇదే. కాగితాలు ఎలాగో ఒకలా పుడతాయి, మూడేళ్ల ఇంటి ఖర్చు పుట్టదు.

లుప్తపాఠ విచారము

మూలంలో "చదువలేదనియు" తర్వాత ఒక వాక్యం ఉండవలసి లుప్తమైందని ఈ వ్యాఖ్యాత అభిప్రాయం. "ఆ కాలమందు దుబాయి నగరమున షట్టరింగు కార్పెంటరుగా పనిచేసితిననియు" అని దాని రూపం. నాయకుడు నిజంగానే దాన్ని చేర్చబోయాడు.

"సారూ, దుబాయిల పని చేసిన అని గూడ రాయరాదుండ్రి."

"అడుగనిది రాస్తే అడుగుతరు తమ్మీ. జీతమెంత అంటరు. చెప్పినవనుకో, నీ ఇన్‌కం సర్టిఫికెట్ మల్ల మొదటికొస్తది."

రైటరు చెప్పింది వ్యవహార జ్ఞానం. దాన్ని కాదనలేం. కాని దరఖాస్తులో ఒక గడి, "మధ్యకాలంలో చేసిన పని" అని, ఉంటే ఆదాయం లెక్క ఎక్కడిదక్కడే ఉండేది, పని లెక్క పనిగా ఉండేది. సర్కారుకు కూడా తన జిల్లాల్లోంచి పోయి మళ్లీ బడిమెట్లెక్కినవాళ్లు ఎందరో తెలిసేది. అడగని గడికి జవాబుండదు గనుక అలాంటివాళ్లే లేరని అనుకుంటున్నారు.

ఫలశ్రుతి

ఎవ్వడు ఈ గద్యమును నోటరీచేత ముద్ర వేయించి, రెండు జిరాక్సులతో, గడువులోగా ఈపాస్‌నకు సమర్పించునో, వానికి రీయింబర్స్‌మెంటు మంజూరగును. మంజూరు వేరు, విడుదల వేరు. వాటి మధ్య ఎన్ని ఆర్థిక సంవత్సరాలైనా పట్టవచ్చును. అంతవరకు కాలేజీవారు సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుందురు. ఈ బకాయిల కోసమే 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బంద్ పాటించాయి. ఆ గ్యాపునకు ఎవరూ స్టాంపు కాగితం మీద ప్రమాణం చేయనక్కరలేదు.