బొమికల బాబు

బొమికల బాబు పశువైద్య కళాశాలలో మొదటి సంవత్సరం చదివే విద్యార్థి. ఆంధ్రలో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి, తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు ఇతని ప్రధాన ఆవాసాలు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి కోర్సు ఐదున్నరేళ్ళు గానీ, బాబుతనం ముదిరి ఉండేది మొదటి ఏడాదే. బాబు అన్నది జాతి పేరు, అమ్మాయిలకూ వర్తిస్తుంది. ఎంబీబీఎస్ సీటు వెంట్రుకవాసిలో తప్పి ఇటు వచ్చినవాడు మొదటి నెలంతా దిగులుగా ఉంటాడు. ఎముకల పాఠం మొదలైన వారానికల్లా ఆ దిగులు అతన్ని వదిలి చుట్టూ ఉన్నవాళ్ళను పట్టుకుంటుంది.

గుర్తుపట్టడానికి మొదటి ఆనవాలు గోనెసంచి. అందులో ఒక ఎద్దు ఉంటుంది, విడివిడిగా. దీన్ని బోన్ సెట్ అంటారు. సీనియర్ దగ్గర కొన్నది. ఆ సీనియర్ తన సీనియర్ దగ్గర కొన్నది. చాకలి సోడా వేసి డ్రమ్ములో ఉడికించి, అంటుకున్న కండ గీకి, హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో నానబెట్టి తెల్లబరిచిన మహానుభావుడెవరో ఇప్పుడు ఎవరికీ తెలియదు. చేతులు మారేకొద్దీ కొన్ని ఎముకలు పోతాయి, పోయినవాటి బదులు వేరేవి చేరతాయి. అందుకే సంచిలోని ఎద్దుకు తరచూ రెండు ఎడమ భుజాలుంటాయి, కుడి భుజం ఉండదు. ఊరికి వెళ్ళేటప్పుడు బాబు ఈ సంచిని బస్సులో సీటు కింద తోస్తాడు. కండక్టరు ఏముందని అడిగితే 'పుస్తకాలు' అంటాడు.

అసలు పుస్తకాలు వేరే ఉన్నాయి. అమెరికాలో సెప్టిమస్ సిసన్ రాయగా 1910లో వెలువడి, తర్వాత గ్రాస్‌మన్ పేరు కూడా చేర్చుకున్న ఉద్గ్రంథం ఒకటి. అది ఎక్కువగా లైబ్రరీలోనే ఉంటుంది. భారత వ్యవసాయ పరిశోధన మండలి 1964లో వేసిన రాఘవన్ గారి ఎద్దు అనాటమీ రెండోది. సిసన్ గుర్రంతో మొదలుపెడితే రాఘవన్ ఎద్దుతో మొదలుపెట్టారు. మన పల్లెల్లో పనిచేయబోయేవాడికి అది న్యాయమైన ఏర్పాటు. బాబు మాత్రం రెండింటినీ గౌరవించి, పరీక్షకు సీనియర్ రాసిన నోట్సు జిరాక్సు చదువుతాడు.

బాబు కాలంలో అధిక భాగం గడిచేది ఒకే ప్రశ్న మీద: ఈ ఎముక కుడిదా, ఎడమదా? స్కాపులాను, అంటే భుజం పలకను తీసుకుంటే గ్లినాయిడ్ గుంట కిందికి ఉండాలి. పలక మీద నిలువుగా లేచిన గట్టు బయటికి చూడాలి. ఆ గట్టుకు అటూ ఇటూ ఉన్న రెండు పల్లాల్లో చిన్నది ముందుకు రావాలి. మూడూ కుదిరాక గట్టు ఏ పక్కకు చూస్తోందో అది ఆ పక్క ఎముక. చెప్పడం తేలికే. చేతిలో పట్టుకుంటే మనిషి నిలువు ప్రాణి, ఎద్దు అడ్డం ప్రాణి అన్న చిక్కు ఎదురవుతుంది. దాంతో బాబు హాస్టల్ వరండాలో మోకాళ్ళ మీద, అరచేతుల మీద వంగి, ఎముకను తన భుజానికి ఆనించి చూసుకుంటాడు. పరీక్షల ముందు రాత్రి ఏ అంతస్తులో చూసినా నలుగురైదుగురు ఈ భంగిమలో కనిపిస్తారు. వాచ్‌మన్‌కు అలవాటే; కొత్తగా వచ్చిన వార్డెన్ మాత్రం ఒకసారి ఆగి చూస్తాడు. ఇంత సాధన చేసినవాడి చేతిలో కుక్క స్కాపులా పెడితే మళ్ళీ మొదటికొస్తుంది. దానికి రెండు పల్లాలూ దాదాపు సమానం.

నాలుగు కాళ్ళ మీద నిలబడ్డా ఎద్దు అనిపించుకోవడానికి బాబుకు ఒక అడ్డంకి ఉంది: అతనికి కాలర్‌బోన్ ఉంది, ఎద్దుకు లేదు. ఎద్దు ముందుకాళ్ళకూ మొండేనికీ నడుమ ఎముకతో ఎముక కలిసే కీలు ఎక్కడా ఉండదు. అంత ఛాతీ బరువూ కండరాల మీదే వేలాడుతుంది. ఈ సంగతి తెలిసిన రోజు నుంచి బాబు జిమ్ముకు వెళ్ళే స్నేహితులను చిన్నచూపు చూస్తాడు.

వెన్నుపూసల లెక్క బాబుకు గాయత్రీ మంత్రం. ఎద్దుకు మెడ 7, వీపు 13, నడుము 6, త్రికం 5, తోక 18 నుంచి 20. గుర్రానికి వీపు 18. పందికి 14 లేదా 15. కుక్కకు వీపు 13 అయినా నడుము 7, త్రికం 3. పాలిచ్చే పశువులన్నిటికీ మెడలో ఏడేనని ధైర్యం తెచ్చుకునే లోపు కోడి వచ్చి 14 అంటుంది. మరచిపోకుండా ఉండటానికి ఎద్దు లెక్కను ఫోను పాస్‌వర్డుగా పెట్టుకుంటారు. తరగతిలో అందరిదీ అదే కావడంతో ఎవరి ఫోను ఎవరైనా తెరవవచ్చు.

సంక్రాంతి సెలవులకు బాబు ఊళ్ళో దిగుతాడు. పుర్రెను చూసిన నాయనమ్మ, దాన్ని గుమ్మం దాటనివ్వక గొడ్లపాకలో పెట్టిస్తుంది. బాబు అక్కడే నిలబడి తాతకు పాఠం చెబుతాడు: ఆవు ముందుకాలికి మనం మోకాలనేది నిజానికి మోకాలు కాదు, మణికట్టు, అందులో ఆరు చిన్న ఎముకలుంటాయి, దాని కింద ఉన్న పొడుగు ఎముక మన అరచేయి, మూడో ఎముకా నాలుగో ఎముకా కలిసిపోయి ఒకటయ్యాయి, కలిసిన చోట ముందువైపు నిలువు గాడి కూడా ఉంటుంది, గిట్టలు రెండూ వేళ్ళ కొసలు. తాత ఆసాంతం విని, "మణికట్టయితే రెండు గాజులు తొడిగి పోరా" అంటాడు. బాబు తగ్గడు. "ఆవుకు పైదవడలో ముందు పళ్ళుండవు తాతా" అంటాడు. "నాకూ లేవు. అయితే ఏమంటావు?" అని తాత జవాబు.

ఈ పోటీలో బాబు గెలవడం కష్టం. ఒంగోలు గిత్తల బండలాగుడు పందేల్లో పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలు చేసేది ఇలాంటి తాతలే. కింది దవడలో ఉన్న ఎనిమిది ముందు పళ్ళు నడిమి జత నుంచి మొదలై ఒక్కో జతా ఊడి కొత్తవి వస్తాయి. గిత్త నోరు తెరిచి క్షణంలో వయసు చెప్పే మనిషికి బాబు పట్టిక గీసి చూపిస్తాడు. పట్టిక తప్పు కాదు, తాతా తప్పు కాదు. తాత వేగం ఎక్కువ.

బాబు పూర్తి స్వరూపం ఆదివారం ఉదయం మటన్ కొట్టు దగ్గర బయటపడుతుంది. వెనక పదిమంది నిలబడి ఉండగా బల్ల మీది తలకాయను పరీక్షించి, "అన్నా, ఇది పొట్టేలు కాదు, మేక" అని ప్రకటిస్తాడు. గొర్రెకు కంటి ముందర లాక్రిమల్ ఎముకలో గుంట ఉంటుందని, మేకకు ఉండదని, ఈ తలకు లేదని నిరూపిస్తాడు. ప్రతి మాటా నిజం. కొట్టాయన కత్తి పక్కన పెట్టి, "ఆ తల మేకదే తమ్ముడూ. నీకు కొట్టేది ఈ ఒంట్లోంచి. తోక చూడు" అని కొక్కేనికి వేలాడుతున్న మొండెం చూపిస్తాడు. తోకకు బొచ్చు ఉంచి వేలాడదీసేది కొనేవాళ్ళు పోల్చుకోవడానికే. తోక చూసి ఓడిపోయిన బాబు, కనీసం టిబియాను విరగ్గొట్టకుండా ఇమ్మని బతిమాలతాడు. ఆ పూట ఇంట్లో కుక్కర్ మూత పడదు. నల్లి దక్కని తండ్రి మాట్లాడకుండా లేచిపోతాడు.

హాస్టల్ మెస్సులో కోడికూర రోజు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అందరూ తిన్నాక బాబు ప్లేటులో ఒక కోడి ఉంటుంది.

ఏడాది చివర వైవా. బయటి పరీక్షకుడు అట్లాస్‌ను, అంటే తలను మోసే మొదటి పూసను చేతికిచ్చి, ఇది ఎద్దుదని ఎలా చెప్పగలవని అడుగుతాడు. ట్రాన్స్‌వర్స్ ఫొరామెన్ అనే రంధ్రం గుర్రానికీ కుక్కకూ ఉండి ఎద్దుకు లేకపోవడమే జవాబు. లేనిదాన్ని వెతికి చూపించమనే ఈ ప్రశ్నకు బాబు కళ్ళు తేలేస్తాడు. గుండెలో ఎముక ఉన్న జంతువు ఏదంటే ఉత్సాహంగా ఎద్దు అంటాడు. బృహద్ధమని మొదట్లో ఉండే ఆ ఎముకను అంతకుముందే ఒక సహాధ్యాయినికి రాసిన ఉత్తరంలో వాడి భంగపడి ఉంటాడు. మగకుక్కకు ప్రత్యేకంగా ఉన్న ఎముక ఏదని అడిగినప్పుడు మాత్రం గొంతు తగ్గిపోయి, జవాబు పరీక్షకుడికి ఒక్కడికే వినబడుతుంది.

రెండో ఏడాదిలో బాబు ఎముకలను మరచిపోవడం మొదలుపెడతాడు. సంచి జూనియర్‌కు వెళ్ళిపోతుంది. ధర తగ్గించడు. లేని కుడి భుజం సంగతి చెప్పడు. నాలుగో ఏడాదికి అట్లాస్ అంటే పటాల పుస్తకం అనుకునే స్థితికి కొందరు చేరుకుంటారు.

ఎముకలు మళ్ళీ అక్కరకొచ్చేది ఉద్యోగంలో చేరాక. కడుపుబ్బరంతో గేదె పడిపోతే గొట్టం దిగాల్సిన చోటు ఎడమ డొక్కలో, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక కొనకూ నడుమ. ఈనలేక అవస్థపడుతున్న గేదెకు వెనక భాగం మొద్దుబారడానికి ఇచ్చే సూది మొదటి, రెండో తోక పూసల సందులోకి వెళ్ళాలి. ఆ సందు దొరకాలంటే ఒక చేత్తో తోకను పైకీ కిందికీ ఆడిస్తూ రెండో చేతి వేలితో తడమాలి. పూస కదిలిన చోట వేలికి పల్లం తగులుతుంది. రైతు పట్టుకున్న సెల్‌ఫోన్ వెలుగులో బాబు ఈ పని చేస్తాడు. కంఠతా పట్టిన రెండువందల పైచిలుకు ఎముకల్లో ఆ రైతుకు కావలసినవి ఈ రెండే.