మొసలికి చోటు లేదు

మొసలి ఇవాళ కూడా కుదరలేదు.

పందొమ్మిది రోజులైంది. 4 అడుగుల పొడవు, 3 అడుగుల ఎత్తు కాన్వాసు. అందులో ఏనుగు కుదిరింది, మడుగు కుదిరింది, పైన గరుత్మంతుడు రెక్కలు చాపుకునేంత జాగా కూడా మిగిలింది. మొసలి ఒక్కటే ఎక్కడ పెట్టినా బల్లిలా ఉంటోంది. కాస్త పెంచితే ఏనుగు కుక్కపిల్లయి కూర్చుంటోంది. పూర్తిగా నీళ్లలో ముంచేస్తే బొమ్మ దివ్యంగా ఉంటుంది గానీ, వేయించుకుంటున్నాయన "మొసలేదండీ మాస్టారూ?" అంటాడు. అడ్వాన్సు పుచ్చుకున్నవాడికి "లోపలుందండీ" అనే ధైర్యం ఎక్కడిది?

గజేంద్రమోక్షం నోటితో చెప్పేవాడికేం, హాయి. ఒక పద్యంలో వైకుంఠం, ఇంకో పద్యంలో మడుగు. చేర్యాల పటాలు వేసే నకాషీలదీ ఒకరకంగా హాయే. 3 అడుగుల వెడల్పు గుడ్డకి సుద్ద, చింతగింజల అంబలి పట్టించి, అడ్డగీతలు కొట్టి, కథని వరస కింద వరస దింపుకుంటూ పోతారు. 40 అడుగులు దాటినా అదేమని అడిగేవాడు లేడు. పైగా పటం పక్కన కర్ర పట్టుకుని కథ చెప్పే మనిషి ఒకడుంటాడు. మొసలి బల్లిలా ఉన్నా సరే, ఇదిగో మొసలి అని కర్రతో చూపిస్తే జనం నమ్ముతారు. నేను జన్మంతా బొమ్మ వేయించుకున్నాయన సోఫా వెనక కర్ర పట్టుకుని నిలబడలేను కదా. దేవగఢ్ దశావతార ఆలయంలో ఇదే కథ చెక్కిన గుప్తుల కాలపు శిల్పి ఇంకా గడుసువాడు. మొసలి జోలికే పోకుండా ఏనుగు కాళ్లకి నాగుణ్ణి చుట్టబెట్టి చక్కాపోయాడు.

అసలు పేచీ కొంగు దగ్గర మొదలైంది. పోతనగారి విష్ణుమూర్తి ఆ తొందరలో లక్ష్మీదేవికి మాట చెప్పడు, శంఖచక్రాలు అందుకోడు, చేతిలో ఉన్న ఆవిడ కొంగు మాత్రం వదలడు. చదువుతుంటే ఒళ్లు పులకరిస్తుంది. గీద్దామని కూర్చుంటే లెక్కలు పుట్టుకొస్తాయి. చీర 6 గజాలు. చుట్టుకీ కుచ్చిళ్లకీ పోగా చేతికందే కొంగు గజమో, గజమున్నరో. కాబట్టి ఆ దంపతులు అంతకంటే ఎడంగా ఉండడానికి వీల్లేదు. కొంగు బిగిస్తే ఆవిణ్ణి ఈడ్చుకొస్తున్నట్టుంటుంది. వదులు చేస్తే ఆయన ట్యాంక్‌బండ్ మీద షికారుకొచ్చినట్టుంటుంది. సరిగ్గా ఎన్ని అంగుళాలు వేలాడితే భక్తవాత్సల్యం అవుతుంది?

మొన్న ఆదివారం మా ఆవిణ్ణి బతిమాలి హాల్లో నిలబెట్టాను. కొంగు పట్టుకుని వీధి తలుపు వైపు పరుగందుకున్నాను. మొదటిసారి పిన్నీసు ఊడింది. రెండోసారి మోకాలు టీపాయికి తగిలింది. మూడోసారి ఆవిడ కదల్లేదు. నేనే గిర్రున వెనక్కి వచ్చాను. "పాత నూలుచీరతో వైకుంఠం ఎలా వస్తుందండీ?" అంది. సిల్కు జారుతుందా, నూలు నిలుస్తుందా అన్న చర్చ భోజనాల దాకా సాగి, రెండూ ఉన్న గద్వాల చీర దగ్గర తేలింది. అడ్వాన్సులో సగం ఇప్పుడు బీరువాలో మడతపెట్టి ఉంది. కొంగు లెక్క మాత్రం తేలలేదు.

రవివర్మ తెలివైనవాడు. శకుంతల ముల్లు తీసుకునే నెపంతో వెనక్కి తిరిగి చూస్తుంది. దుష్యంతుడు బొమ్మలోనే ఉండడు. ఎంత జాగా ఆదా! మనమూ విష్ణుమూర్తిని బయట ఉంచేద్దామా అని అడిగితే బొమ్మ వేయించుకుంటున్నాయన ఫోన్ పెట్టేశాడు. పది నిమిషాలకి మళ్లీ చేసి, వాస్తు ప్రకారం తొండం పైకి ఉండాలన్నాడు. గట్టు మీద వాళ్ల అమ్మానాన్నలు దణ్ణం పెడుతూ కనిపించాలట. తప్పుపట్టలేను. లేపాక్షి గుడి కప్పు మీద విరూపణ్ణ, వీరణ్ణ పరివారంతో సహా అలాగే నిలబడ్డారు. కాకపోతే ఆ చిత్రకారుడి చేతిలో మంటపం కప్పంతా ఉంది.

ఫ్రాన్సులో జెరికో అనే ఆయన ‘మెడ్యూసా తెప్ప’ వేసేముందు, తెప్ప మీద తిరుగుబాటు వేయాలా, ఆకలికి శవాల్ని పీక్కుతిన్న ఘట్టం వేయాలా, దూరాన ఓడ కనబడ్డ క్షణం వేయాలా తేల్చుకోలేక కట్టలకొద్దీ చిత్తుబొమ్మలు గీశాడు. ఆఖరికి బయటికి వెళ్లబుద్ధి కాకుండా గుండు గీయించుకుని కూర్చుని 1819లో పూర్తిచేశాడు. గుండు విషయంలో నాకంత శ్రమ లేదు, అది తనంతట తనే పూర్తవుతోంది. ఆయనకి అప్పటికి 28 నిండలేదు.

నా 28లో నేను బెజవాడ సినిమా హాళ్ల ముందు నిచ్చెనెక్కి ఉన్నాను. 20 అడుగుల హీరో ముఖం, గళ్లు కొట్టి రాత్రికి రాత్రి దింపేసేవాణ్ణి. చిత్తుబొమ్మ మాటే తెలీదు. ఇప్పుడు ముప్ఫై ఆరు గీశాను. మొసలిని ఎందుకు ఆడిపోసుకోవడం? వెన్ను గీత ఒక్క ఊపున లాగాలంటే సగం దూరంలో చెయ్యి వణుకుతోంది. చిత్తుకాగితం మీద ఆ వణుకు ఎవరికీ పట్టదు. కాన్వాసు మీద దాగదు. మా ఆవిడకి తెలుసనుకుంటాను. లేకపోతే ఆదివారం మూడుసార్లు నిలబడేదా?

సాయంత్రం టీ తెచ్చి, ముప్ఫై ఏడో కాగితం చూసింది. "ఆ కాలు పట్టుకున్న నోరొక్కటీ పైకి కనిపిస్తే చాలదుటండీ?"

చాలు. అప్పట్నుంచీ, ఎందుకు చాలదో చెప్పడానికి ఒక కారణం వెతుకుతున్నాను.