నాలో లేని గడి: ఒక కేసు షీటు ఆత్మకథ

నేను కేసు షీటుని. పిల్లల వార్డులో మంచం కాళ్ల దగ్గర అట్టకు క్లిప్పుతో వేలాడుతుంటాను. ఓపీ చీటీ ఒక్క పూట బతుకుతుంది. నా ఆయుష్షు మాత్రం బిడ్డ రోగం ఎంతకాలముంటే అంతకాలమని నన్ను అచ్చు వేయించినవాళ్ల లెక్క. ఆ లెక్క సగమే నిజం. నా మొదటి పేజీలో పేరు, వయసు, బరువు, ఊరు, తండ్రి వృత్తి, చేరిన తేదీ ఉంటాయి. వృత్తి గడిలో ‘కూలీ’ అని రెండక్షరాలు గిలికి ముందుకు పోతారు. ఆ కూలి ఎన్నాళ్లు ఆగితే ఆ ఇంట్లో పొయ్యి ఆరుతుందో రాయడానికి నాలో చోటే లేదు. నా ఫిర్యాదు అంతా దాని గురించే. బిడ్డను వార్డులో చేర్చేది రోగమే గానీ, ఎన్నాళ్లు ఉంచాలో, ఎప్పుడు పంపాలో చాలాసార్లు తేల్చేది ఇల్లు.

ఎముకకు చీము పట్టిన బిడ్డనే తీసుకోండి. మందు వారాల తరబడి వాడాలి. తొలి రోజుల్లో నరానికి ఎక్కిస్తారు, జ్వరం దిగి వాపు తగ్గాక నోటి మందుకు మారుస్తారు. అప్పుడిక ఇంటికి పంపవచ్చు. కానీ అమ్మానాన్నలిద్దరూ తెల్లారకముందే పనికి పోతే పూటపూటకూ మందు తాగించేదెవరు? మళ్లీ చూపించడానికి బస్సెక్కి వస్తారా? నమ్మకం కుదరక ‘ఇంకో వారం ఉంచుదాం’ అంటారు డాక్టరు. నాకు మరో నాలుగు కాగితాలు చేరతాయి. ఆ వారానికి కారణం ఎముకలో లేదు, కానీ నాలో రోగం పేరే ఉంటుంది. దీనికి తలకిందులుగా జరిగేది పోషకాహార పునరావాస కేంద్రంలో. తీవ్రంగా చిక్కిపోయిన బిడ్డను అక్కడ చేర్చుకుని, పాలతో చేసిన ప్రత్యేక ఆహారం పట్టి, చేరినప్పటి బరువు మీద 15 శాతం పెరిగేదాకా ఉంచాలన్నది మన దేశంలో 2011లో వచ్చిన మార్గదర్శకాల మాట. అందుకు రెండు వారాలో, అంతకన్నా ఎక్కువో పడుతుంది. తల్లి కూడా ఉండాలి. మిరప కోతల రోజుల్లో, ఇంటి దగ్గర మరో ఇద్దరు పిల్లలున్న తల్లికి రెండు వారాలంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. అలాంటప్పుడు నా చివరి పేజీ మీద ‘లామా’ అని పడుతుంది. వైద్యుల సలహా కాదని వెళ్లిపోయారని దానర్థం. చదివినవాళ్లకు తల్లి మొండితనం కనబడుతుంది, మిరప చేను కనబడదు.

ఇంటికీ వార్డుకూ ఉన్న ఈ ముడి ఇవాళ కొత్తగా కనిపెట్టింది కాదు. ఇంగ్లండులో ఒకప్పుడు పిల్లల వార్డుల్లోకి తల్లిదండ్రుల్ని రానిచ్చేవారే కాదు, రానిచ్చినా వారానికో పూట చూసిపొమ్మనేవారు. న్యూకాసిల్‌లో వైద్యుడు జేమ్స్ స్పెన్స్ 1920ల్లోనే తల్లుల్ని బిడ్డల పక్కన ఉండనిచ్చాడు. 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ ఆసుపత్రిలో ఒంటరిగా ఉన్న రెండేళ్ల పాప మీద చలనచిత్రం తీసి, బిడ్డ ఏడవకపోతే కుదుటపడినట్టేనన్న నమ్మకాన్ని కదిలించాడు. 1959లో ప్రభుత్వ కమిటీ ఇచ్చిన ప్లాట్ నివేదిక ఆ తలుపులు తెరవమంది. మన వార్డుల్లో ఆ పోరాటం అవసరం పడలేదు. ఇక్కడ తల్లి లేకుండా వార్డే నడవదు. బిడ్డకు తినిపించడం, ఒళ్లు తుడవడం, రక్తం సీసా పట్టుకుని ల్యాబుకు పరుగెత్తడం అన్నీ తోడుండే అటెండెంటు పనులే. అంత పని చేసే మనిషికి నా పేజీల్లో పేరైనా ఉండదు. ఆ మనిషి ఎవరు, ఎవరి కూలి పోగొట్టుకుని వచ్చారు అన్నది మొదటి రోజే రాయాలంటాను.

‘మేం వైద్యులం, ఇంటి లెక్కలు చూసే పంచాయతీ పెద్దలం కాం’ అనే మాట వస్తుంది. నిజమే. అయితే సగంలో ఆగిన మందు బిడ్డను మళ్లీ వార్డుకే తెస్తుంది, అప్పుడు మరింత పెద్ద మందు కావాలి. ఆ లెక్క వైద్యులదే కదా. ‘2007 నుంచి ఆరోగ్యశ్రీ ఉంది, ఇంకా డబ్బు మాటేమిటి’ అని మరొకరు. చికిత్స ఖర్చు వేరు, పోయిన కూలి వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన ఆరోగ్య ఆసరా కోలుకునే రోజులకు రోజుకు 225 రూపాయలు కట్టి ఆ తేడాను ఒప్పుకున్నట్టే అయింది. దూరం సంగతీ అంతే. రక్త కేన్సరుకు చికిత్స చాలాసార్లు రెండు మూడేళ్లు సాగుతుంది, మందుకూ మందుకూ మధ్య రోజుల్లో ఊరు దూరమన్న ఒక్క కారణానికి మంచం అవసరం లేదు, దగ్గర్లో గది చాలు. 2006లో ముంబయిలో మొదలైన సెయింట్ జూడ్ కేంద్రాలు అలాంటి కుటుంబాలకు ఉచితంగా వసతి ఇస్తున్నాయి, హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. ఎవరికి గది కావాలో తెలియాలంటే ముందు ఎవరో అడిగి రాయాలి.

నన్ను నిజంగా ఇరుకున పెట్టే అభ్యంతరం ఇంకొకటుంది. ఇంటి సంగతులు రాయమంటే ‘తండ్రి తాగుబోతు’, ‘తల్లి పట్టించుకోదు’ అని రాస్తారు. డ్యూటీ మారినప్పుడల్లా ఆ ముద్ర చేతులు మారుతుంది, చివరికి బిడ్డతో మాట్లాడే గొంతు కూడా మారుతుంది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మనిషి గుణం జోలికి పోకుండా అవసరం మాత్రమే అడిగితే కొంత నయం. రాత్రి తోడెవరు, ఇంటి దగ్గర చిన్నపిల్లలు ఎందరు, రానూ పోనూ ఎంతవుతుంది? మూడే ప్రశ్నలు. జ్వరం చార్టులో సగం చోటు కూడా పట్టవు.

కొన్ని ఆసుపత్రుల్లో ఇప్పుడు నా బదులు కంప్యూటరు తెర వస్తోంది. నా గడులన్నీ వరసగా దాన్లోకి ఎక్కిస్తున్నారు, ‘తండ్రి వృత్తి’తో సహా.