బెత్తెడు మట్టి: ఒక అటక ఆత్మకథ

ఏ పనైనా మూలపడితే ‘అటకెక్కింది’ అంటారు మీరు. రోడ్డు పని అటకెక్కింది, పెళ్ళి మాట అటకెక్కింది, ఎత్తిపోతల పథకం అటకెక్కింది. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. నా మీదకి ఎక్కినవన్నీ పనికిరానివే అయితే, ఇంట్లో శుభకార్యం అనగానే గుండిగల కోసం నిచ్చెన వేసుకుని ఎక్కిందెవరు? ఏడాది పొడుగునా పప్పుచారులోకి చింతపండు ఎక్కణ్ణుంచి దిగింది? పోనీ, సామాన్ల సంగతి వదిలేయండి. సామాన్లు మోయడం నా అసలు పని కాదు. ఆ అసలు పనేమిటో నా కింద పుట్టి పెరిగిన వాళ్ళకే చాలాకాలం తెలియలేదు. అమెరికా నుంచి అబ్బాయి ఫోన్ చేసి చెబితే తెలిసింది.

మా ఊరు నందిగామకీ జగ్గయ్యపేటకీ మధ్య, హైవే దిగి లోపలికి పోతే వస్తుంది. మెట్ట ఊరు. 2022 ఏప్రిల్ నుంచి మమ్మల్ని ఎన్టీఆర్ జిల్లా అంటున్నారు గానీ నాకింకా కృష్ణా జిల్లా అనే నోటికొస్తుంది. జిల్లా పేరు మారినా ఎండ మారలేదు. బందరు వాళ్ళకి మధ్యాహ్నం తిరిగేసరికి సముద్రపు గాలి తగులుతుంది. మా దాకా రాదది. మాకొచ్చేది పడమటి వడగాలి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెత మా వైపు సామెతలా వినపడదు, ఆ రోజు వార్తలా వినపడుతుంది. పాదరసం 45 దాటిన రోజున ఊళ్ళో కుక్క కూడా మొరగదు. 2015 మే నెలలో వడదెబ్బకి ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా పోయారు. మా వీధిలో ఆ రోజుల్లో పగలు తలుపు తీసిన ఇల్లు లేదు.

నన్ను కట్టించింది పెద్దాయన, అంటే ఇప్పటి ఇంటాయన తండ్రి. రాతిగోడల మీద దూలాలు వేయించి, వాటి మీద తాటి బద్దలు సందు లేకుండా పరిపించాడు. పైన జొన్న చొప్ప ఒక వరస. దాని మీద ఊక కలిపి మూడు రోజులు నానబెట్టి, కాళ్ళతో తొక్కిన మట్టి. ఎంత మందం? బెత్తెడు. పెద్దాయన అరచెయ్యి ఆనించి కొలిచాడు, అదే లెక్క. ఆరాక పగుళ్ళలో పేడ, మట్టి కలిపి అలికారు. అప్పటికి నా పైన తాటాకు కప్పే ఉండేది. వేసవిలో ఎవరి పొయ్యిలోంచో నిప్పురవ్వ లేస్తే వరసగా ఇళ్ళు అంటుకునే రోజులు. కప్పు కాలినా మట్టి అటక ఉంటే కింద గింజలు, గుడ్డలు దక్కుతాయని ఆయన ఆలోచన. నేను పుట్టింది నిప్పుకి భయపడి. చల్లదనం నా పుట్టుకలో ఎవరూ కోరుకున్నది కాదు.

దివిసీమ ఉప్పెన వచ్చిన 1977లో తాటాకు తీసి పెంకు వేశారు. బెంగుళూరు పెంకు అంటారు మావాళ్ళు. దాని పుట్టిల్లు నిజానికి మంగుళూరు, 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు అక్కడ మొదలుపెట్టిన ఫ్యాక్టరీ. ఊరి పేరు తప్పు చెప్పినా పెంకు ఏమీ అనుకోదు, మంచి పొరుగుది. ఎండంతా ముందు తన నెత్తిన పడనిస్తుంది. పెంకుకీ పెంకుకీ మధ్య సందుల్లోంచి కాగిన గాలి పైకి పోతుంది. మిగిలిన వేడి కింద ఉన్న గాలిని దాటి, నా మట్టిని దాటి, చొప్పని దాటి రావాలి. మట్టి నిదానం మనిషి. మధ్యాహ్నం రెండింటి ఎండని ఏ రాత్రికో కిందికి వదులుతుంది. అప్పటికి తలుపులు తీసేసి, మంచాలు వాకిట్లోకి చేరి ఉంటాయి. కాబట్టి నేను వేడిని ఆపానని గొప్పలు చెప్పుకోను. ఆలస్యం చేశాను, అంతే. తాలూకాఫీసు గుమాస్తా కాగితాన్ని ఆపినట్టు.

నాకు లోపాలు లేవంటే నవ్వుతారు. ఎలుకలు, తేళ్ళు నా దగ్గరే కాపురం. ఎవరైనా నా మీద గట్టిగా అడుగేస్తే కింద అన్నం కంచంలో మట్టి రాలుతుంది. ఏటా తొలకరికి ముందు పెంకు సర్దించాలి. సర్దిన నెలకి కోతులు వచ్చి మళ్ళీ చెల్లాచెదురు చేస్తాయి. మా వైపు ఇళ్ళలో స్లాబు వేయించింది మేస్త్రీలు కాదు, కోతులని ఇంటావిడ అంటుంది. అందులో సగం నిజం.

నా బతుకులో గొప్ప వేసవి ఒకటుంది. ఆ ఏడు పత్తికి ధర లేదు. కంచికచర్లకి తోలుకెళ్ళిన బండి తోలుకెళ్ళినట్టే తిరిగొచ్చింది. ఇంటాయన మొండివాడు, ధర పెరిగేదాకా అమ్మనన్నాడు. గదులు నిండాయి, వసారా నిండింది, మిగిలింది నా మీదకి చేర్చారు. ఈ చూరు నుంచి ఆ చూరు దాకా నడుము లోతు పత్తి. అందరికీ దురదలే. పిల్లల మోచేతుల మీద దద్దుర్లు. ఇంటావిడ సణుగుతూనే ఉంది. అగ్గిపుల్ల గీయడానికి ఇంటాయన వీధిలోకి పోయేవాడు. అయితే ఆ మేలో వీధి వీధంతా ఉడికిపోతుంటే, నా కింద మనుషులు పగలు దుప్పటి పరుచుకుని నిద్రపోయారు. వచ్చిన చుట్టాలు కూడా లేవలేదు. “ఈ ఏడు ఎండలు తక్కువేనేమోనే” అన్నాడు ఇంటాయన. అంతే అన్నాడు. పైకి చూడలేదు.

పత్తిలో ఏముంది? గాలి ఉంది. పోగుల మధ్య ఇరుక్కుని అటూ ఇటూ కదలలేని గాలి. కదిలే గాలి వేడిని మోసుకుపోతుంది, కదలని గాలి చేతులు కట్టుకుని కూర్చుంటుంది. గట్టి కాంక్రీటు దానికంటే యాభై అరవై రెట్లు చురుగ్గా వేడిని దాటిస్తుంది. దూది బొంతలో, గొర్రె ఉన్నిలో, వరి ఊకలో, చొప్పలో పనిచేసేది ఆ కదలని గాలే. అమెరికాలో పాత జీన్స్ ప్యాంట్లు చీరేసి, దూదిలా దువ్వి, ఇంటి కప్పులకి పరుపులు చేసి అమ్ముతారట. మా పత్తే ప్యాంటై, చిరిగి, చివరికి అటకెక్కిందన్నమాట. ఈసారి ఆ మాట నేనే అంటున్నాను, ఫర్వాలేదు.

ఇంటబ్బాయి మిన్నెసోటాలో ఇల్లు కొన్నాడు. అక్కడి చలికాలం సంగతి ఫోన్లోనే విన్నాను. సున్నాకి ఇరవై, ముప్ఫై డిగ్రీలు కిందికి దిగుతుందట. మొదటి శీతాకాలం వీడియో కాల్‌లో ఇల్లు చూపించాడు. చూరు పొడుగునా మంచు కడ్డీలు వేలాడుతున్నాయి.

“భలే అందంగా ఉన్నాయిరా” అన్నాడు ఇంటాయన.

“అందం కాదు నాన్నా. అవి నా గ్యాసు బిల్లు.”

తర్వాత విడమరిచి చెప్పాడు. ఇంట్లో హీటరు కాచిన గాలి పైకి లేచి, సీలింగులో దీపాలు బిగించిన కంతల్లోంచి, అటక తలుపు సందుల్లోంచి పైకి జారిపోతుంది. కప్పు లోపలినుంచి వెచ్చబడి, మీదున్న మంచు కరుగుతుంది. ఆ నీళ్ళు కిందికి జారి, చూరు దగ్గర ఇంటి వెచ్చదనం తగలక మళ్ళీ గడ్డకడతాయి. పొలానికి గట్టు వేసినట్టు అక్కడ మంచు గట్టు పడుతుంది. దాని వెనక నిలిచిన నీళ్ళు పలకల కిందికి దూరి ఇంట్లోకి కారతాయి. పడగ్గది సీలింగు మీద మడ్డి మరక కూడా చూపించాడు. వానే లేకుండా కురిసే ఇల్లు! మా ఇంటావిడ “దిష్టి తీయించరా నాయనా” అంది.

2023 శీతాకాలం రాకముందే పనివాళ్ళని పిలిచాడు. వాళ్ళు ముందు అటక ఎక్కలేదట. వీధి తలుపుకి పెద్ద ఫ్యాను బిగించి, ఇంట్లో గాలి బయటికి లాగుతూ, ఏ కంతలోంచి గాలి దూరుతోందో పొగతో వెతికారు. ముందు కంతలు పూడ్చాలి, ఆ తర్వాతే దుప్పటి. చిల్లుల దుప్పటి ఎంత మందమైతే ఏం లాభం? స్నానాలగది ఫ్యాను తేమగాలిని అటకలోకే వదులుతుంటే, దాన్ని గొట్టం వేసి బయటికి మళ్ళించారు. చూరు కింద గాలి దారులు మూసుకుపోకుండా అడ్డు పెట్టారు. అప్పుడు లారీలోంచి లావుపాటి గొట్టం లాగి మెత్తటి బూడిదరంగు పొట్టు ఊదారు. పాతది అణిగిపోయి నాలుగంగుళాలే మిగిలింది, దాని మీద ఇది పడి మొత్తం పదిహేడంగుళాలకి వచ్చింది. పదిహేడంగుళాలంటే దాదాపు మూరెడు. వేడిని ఎంత ఆపుతుందో చెప్పడానికి వాళ్ళకి ఆర్ విలువ అని ఒక కొలత ఉంది, అంతటి చలి దేశానికి 60 కావాలంటారు. అప్పట్లో ఖర్చులో 30 శాతం, ఏడాదికి 1,200 డాలర్ల లోపు, పన్నులో తగ్గించేదట వాళ్ళ ప్రభుత్వం.

“ఆ పొట్టు దేనిదిరా?”

“పాత న్యూస్‌పేపర్లు నాన్నా. నిప్పంటకుండా, పురుగు పట్టకుండా బోరాన్ ఉప్పు కలుపుతారు.”

ఇంటాయన చాలాసేపు మాట్లాడలేదు. “పేపర్ల కోసం అన్ని వేలు పోశావా? మొన్ననే ఒక కట్ట కేజీ పన్నెండుకి ఇచ్చేశాం కదే” అని ఇంటావిడ వైపు తిరిగాడు.

“మన అటక చేసేది కూడా అదే పని నాన్నా. మనకి వేడి కిందికి రాకూడదు, ఇక్కడ పైకి పోకూడదు. అంతే తేడా.”

అప్పుడు తలెత్తి నన్ను చూశాడాయన. అన్నేళ్ళలో ఏదీ వెతుక్కోకుండా, ఏ బిందె కోసమో కాకుండా, నా కోసం నన్ను చూడటం అదే మొదటిసారి. నాకు కొంచెం సిగ్గేసింది, సరిగ్గా అప్పుడే ఒక మట్టిపెళ్ళ రాలింది.

ఆ దేశపు అటక మీద నాకు ఈర్ష్య లేదు. మూరెడు మందం ఉంటే ఉండనీండి, దాని మీద ఒక్క బిందె పెట్టలేరు. పెడితే పొట్టు అణిగిపోతుంది, అణిగితే గాలి పోతుంది, గాలి పోతే ఆ ఆర్ విలువ పోతుంది. ఏడాదంతా చీకట్లో ఒంటరిగా పడుండాలి పాపం. మనవరాలు కొబ్బరి ఉండలు దొంగిలించడానికి ఎక్కదు.

ఇంత తెలిసిన అబ్బాయి ఏం చేశాడో వినండి. ఆ సంక్రాంతికే డబ్బు పంపాడు, పాత ఇల్లు తీసేసి స్లాబు వేయించమని. ఏ కప్పు వేయాలో ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. ఇక్కడ ఇల్లంటే స్లాబే. ముందు మూడు గదులు పడగొట్టారు. నా చెల్లెళ్ళలాంటి రెండు అటకలు ట్రాక్టరెక్కి చెరువు గట్టుకి పోయాయి. వెనక సామాన్ల గది, దాని మీద నేను మిగిలాం. సామాన్లు ఎక్కడ పెట్టాలో తేలక మిగిల్చారు, నా మీద ప్రేమతో కాదు.

సిమెంటు ఎక్కడిదో వెతకక్కర్లేదు. జగ్గయ్యపేట చుట్టూ నేల కింద సున్నపురాయే. జయంతిపురం, ముక్త్యాలల్లో ఫ్యాక్టరీలు దాన్ని నమ్ముకునే ఉన్నాయి. జగ్గయ్యపేటకి బేతవోలు అని పేరున్న కాలానికంటే ఎంతో ముందు, అక్కడి ధనంబోడు గుట్ట మీద బౌద్ధులు స్తూపం కట్టి, తెల్లటి సున్నపురాతి పలకలు తొడిగారు. 1882లో పురావస్తు శాఖ బర్జెస్ దొర వచ్చి తవ్వించేనాటికి చాలా పలకల్ని జనం ఎత్తుకుపోయారు. మిగిలిన వాటిలో మాంధాత చక్రవర్తి పలక ఇప్పుడు మద్రాసు మ్యూజియంలో ఉంది. నేనిది ఎందుకు చెబుతున్నానంటే, ఆ రాయి రెండు రకాలుగా ఇంటి మీదకి ఎక్కుతుంది. కాల్చి వెల్ల వేస్తే తెల్లగా ఎండని వెనక్కి తంతుంది. సిమెంటు చేసి పోస్తే బూడిదరంగులో ఎండని మింగుతుంది. మా ఇంటికి రెండోది వచ్చింది.

2024 మే. ఐదంగుళాల స్లాబు కింద మొదటి వేసవి. పగలంతా తాగిన ఎండని అది రాత్రి కక్కడం మొదలుపెట్టింది. పన్నెండింటికి గోడ మీద చెయ్యి వేస్తే పెనం మీద వేసినట్టుంది. ఫ్యాను ఆ వేడినే తిప్పి తిప్పి మంచం మీద పోస్తుంది. ఏసీ పెట్టారు, బిల్లు చూసి రాత్రి పూటే వేస్తున్నారు, కరెంటు పోయిన రాత్రి అదీ లేదు. గరికపాడు చెక్‌పోస్టు దాటితే తెలంగాణ. అక్కడ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ అని తెచ్చి, ప్రభుత్వ భవనాలకి, వాణిజ్య భవనాలకి చల్లకప్పులు తప్పనిసరి చేశారని ఇంటాయనకి మేస్త్రీ చెప్పాడు. ఇంటాయన సున్నంలో ఫెవికాల్ కలిపించి స్లాబు మీద రెండు పూతలు కొట్టించాడు. పైన నాలుగు కర్రలు పాతి కందికట్టె పందిరి వేశాడు. కాస్త నయమే. అయినా రాత్రి తొమ్మిదయ్యేసరికి ఇద్దరూ నులకమంచాలు మోసుకుని సామాన్ల గదిలోకి వస్తున్నారు. తలుపు, కిటికీ బార్లా తీసి, పాత ట్రంకు పెట్టెకీ ఎరువు బస్తాలకీ మధ్య పడుకుంటున్నారు. కొత్తిల్లు గృహప్రవేశం ఫొటోల్లో బాగుంది.

వేసవి పోయాక నన్ను కూడా తీసేద్దామని అనుకున్నారు. సెప్టెంబరు మొదట్లో కుండపోత వాన కురిసి జగ్గయ్యపేట వీధులు మునిగాయి, మున్నేరు పొంగింది. మా వాకిట్లోకి నీళ్ళొచ్చేసరికి పాసుపుస్తకాలు, బియ్యం, ఇంటావిడ పట్టుచీరలు ఒక్కొక్కటే నిచ్చెనెక్కి నా దగ్గరకొచ్చాయి. ఆ తర్వాత మిరప పనులు. ఆ తర్వాత మళ్ళీ ఎండలు. మేస్త్రీ ఒకరోజు వచ్చి, టేపు పెట్టి కొలిచి, కూల్చడానికింత, స్లాబుకింత అని అంచనా రాసిచ్చాడు.

“ఈ రోహిణి పోనీండి” అంది ఇంటావిడ.

ఇంటాయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, రేకు డబ్బాలో పాత కరెంటు బిల్లుల మీద ఉంచి, డబ్బాని నా మీదకి తోశాడు. మూత సరిగ్గా పడలేదు. రాత్రి పూట ఎలుక ఒకటి దాని చుట్టూ తిరుగుతోంది. నేనేమీ అనడం లేదు.