నేను జ్వరం గోళీని

బేగంపేటలో ఒక మెడికల్ షాపు నా నివాసం. పేరు పారాసిటమాల్, 650 మిల్లీగ్రాములు. "నాలుగు చాలన్నా" అంటే కత్తెర పడుతుంది. ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క షాపులోనే మిగిలిపోతుంది. ఏడాది తర్వాత నన్ను డబ్బాలోంచి తీసినవాళ్లు అటూ ఇటూ తిప్పి చూసి మింగేస్తారు.

1893లోనే జర్మనీలో ఫాన్ మెరింగ్ అనే డాక్టరు మమ్మల్ని రోగులకిచ్చి చూసి పక్కన పెట్టేశాడు. బజారు మొహం చూసింది మళ్లీ 1950లలోనే. కనుక 1897 ఆగస్టు 20న ఇదే బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టినప్పుడు నా ఊసే లేదు. ఆ దోమలతో కుట్టించుకున్న రోగి హుసేన్ ఖాన్‌కు దోమకో అణా ముట్టింది. జ్వరమొస్తే రోగికే డబ్బులిచ్చిన రోజులు! అప్పటి మందు క్వినైన్ క్రిమినే చంపేది. నేను దేన్నీ చంపను. వేడి దించుతాను, కాస్త నొప్పి తగ్గిస్తాను, అంతే.

అదే జనానికి నచ్చదు. వానలు పడి డెంగీ మొదలైతే చాలు, "ఒళ్లంతా సలుపుతోందన్నా, ఇంకా పవర్‌ది ఇయ్యి" అంటారు. కింది అరలో ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ ఉన్నాయి. నొప్పి విషయంలో నాకంటే గట్టివే. కానీ డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతుంటాయి. మిగిలినవాటిని కూడా ఈ గోళీలు సరిగా పనిచేయనివ్వవు, పైగా కడుపులో పుండు చేస్తాయి. రక్తం కారడానికి ఇంకేం కావాలి? డెంగీ కాదని తేలేదాకా వాటి జోలికి పోకూడదు. పిల్లల వైరల్ జ్వరాలకు ఆస్పిరిన్ అసలే వద్దు. లివర్‌నూ మెదడునూ దెబ్బతీసే రే సిండ్రోమ్ రావచ్చు. నిమెసులైడ్ అనే ఇంకో గోళీనైతే 12 ఏళ్లలోపు వాళ్లకు ఇవ్వకూడదని 2011లోనే మన ప్రభుత్వం నిషేధించింది.

నేనూ సాధువునేం కాదు. పెద్దవాళ్లకు రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటితే లివర్‌కు ముప్పు. నా లెక్కన ఆరు గోళీలే హద్దు, అదీ గంటల తేడాతో. మద్యం తాగేవాళ్లకు, లివర్ జబ్బున్నవాళ్లకు అంత కూడా పనికిరాదు. చాలా జలుబు మాత్రల్లోనూ నేనే ఉంటాను. రెండూ కలిపి వేసుకునేవాళ్లు అట్ట వెనక చదవరు.

నిన్న ఒక పెద్దావిడ వచ్చింది. "మనవడికి జ్వరం దిగింది గానీ పొద్దుట్నుంచీ కడుపునొప్పి, వాంతులు. ఇంకో రెండు గోళీలియ్యి నాయనా."

"ఎన్ని రోజులైందమ్మా జ్వరమొచ్చి?"

"నాలుగు."

"డెంగీ అయితే జ్వరం దిగినాకే అసలు ప్రమాదం. గోళీ ఇయ్యనమ్మా. ఆటో పిలుస్తా, వెంటనే ఆస్పత్రికి తీస్కపో."