ఇరుసు పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

డాడ్జ్ కారవాన్ అనే మినీవ్యాన్ 1984 మోడల్‌గా అమెరికా రోడ్లెక్కింది. ఇంజనూ, గేర్‌పెట్టే, బండిని లాగే చక్రాలూ అన్నీ ముందే. వెనకంతా పిల్లలకీ పెట్టెలకీ. దాంతో ముందు చక్రాలకు రెండు చాకిరీలు పడ్డాయి: బండిని లాగాలి, అడిగిన వైపు తిరగాలి. ఆ రెంటి మధ్యా నలిగేది యాక్సిల్. దాని రెండు కొనలా కీళ్లుంటాయి. వాటికి గ్రీజు నింపిన రబ్బరు బూట్లుంటాయి. బూటు చిరిగితే గ్రీజు చక్రం లోపలివైపు చిందుతుంది, దాని చోట ఇసుక చేరుతుంది. చలికాలంలో వీధులకు ఉప్పు చల్లే మిషిగన్, ఒహాయోల వంటి చోట్ల తుప్పు అదనం. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టకటకమంటే బయటి కీలు పోయింది; యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బండి వణికితే లోపలి కీలును అనుమానించాలి. 2001–2007 కాలపు కారవాన్ ఉన్నవారు గరాజ్‌లో నిలబడి పఠించదగిన పద్యం ఇది. కర్త అజ్ఞాతుడు. గోళ్ల సందున గ్రీజు ఉన్నవాడని మాత్రం శైలి చెబుతోంది.

మూలం

ఆ.వె.
బండి నేలనుండ బలిమి నట్టు వదల్చి
యెత్తి స్టాండు నిలిపి యిరుసు లాగి
క్రొత్త దానిఁ దోసి క్లుప్తమౌ చప్పుడు
విన్న పిదప దింపి బిగియఁ దిప్పు

ప్రతిపదార్థం

బండి = మినీవ్యాన్; నేలన్ + ఉండన్ = నాలుగు చక్రాలూ నేల మీద ఆని ఉండగానే; బలిమి = బ్రేకర్ బార్ మీద ఒళ్లంతా వేసి; నట్టు = హబ్బు నడుమ ఉన్న 32 మి.మీ. నట్టును; వదల్చి = వదులు చేసి (ఊడదీసి కాదు); ఎత్తి = జాకీతో లేపి; స్టాండు నిలిపి = జాక్ స్టాండ్ల మీద కూర్చోబెట్టి; ఇరుసు లాగి = పాత యాక్సిల్‌ను బయటికి తీసి; క్రొత్త దానిన్ + తోసి = కొత్తదాన్ని గేర్‌పెట్టెలోకి నెట్టి; క్లుప్తమౌ చప్పుడు = లోపలి రింగు గాడిలో పడిన ‘టక్కు’; విన్న పిదప = విన్న తర్వాతనే; దింపి = బండిని నేలకు దించి; బిగియన్ + తిప్పు = 180 ఫుట్-పౌండ్ల దాకా బిగింపుము.

తాత్పర్యం

నట్టు వదులు చేసి, బండి ఎత్తి, పాత యాక్సిల్ తీసి, కొత్తది పెట్టి, దించి, బిగించాలి. పద్యం నాలుగు పాదాలే. పని ఒక పూట.

విశేషాలు

1. ‘బలిమి నట్టు’: కొందరు దీన్ని ‘బలిమిన్ + అట్టు’ అని విడగొట్టి, పనికి ముందు పెసరట్టు తినాలని వ్యాఖ్యానించారు. అది రుచ్యమే గానీ గ్రాహ్యం కాదు. గాలిలో ఉన్న చక్రం నట్టుతో పాటే తిరుగుతుంది. స్టాండ్ల మీది బండిని ఊపి నట్టు విప్పబోవడం ప్రమాదం. అందుకే ఈ మాట మొదటి పాదంలో ఉంది. కాటర్ పిన్ను, నట్టు మీది టోపీ, వాషరు ముందే తీయాలని కవి చెప్పలేదు. ఆ మాత్రం తెలియనివాడు ఆటవెలదికి అర్హుడు కాడని ఆయన ఉద్దేశం కాబోలు.

2. ‘స్టాండు’: జాత్యేకవచనం. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. ఇక్కడ వ్యాఖ్యాతల్లో భిన్నాభిప్రాయం లేదు. ఉన్నవారు వ్యాఖ్య పూర్తిచేయలేదు.

3. ‘ఇరుసు’: ఏ వైపుదని శంక. ఈ బండిలో గేర్‌పెట్టె ఎడమకు జరిగి ఉంటుంది కనుక ఎడమది పొట్టి, కుడిది పొడవు. దుకాణంలో కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టి చూడటమే ప్రమాణం. బయటి కీలు ఫోర్డ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ ర్జెప్పా 1920లలో రూపొందించిన పద్ధతిది: ఆరు ఉక్కు గోళీలు గాళ్లలో కదులుతూ, చక్రం ఎటు తిరిగినా వేగం తగ్గకుండా, పెరగకుండా చూస్తాయి.

4. ‘లాగి’: ఈ రెండక్షరాల్లో కవి సగం పని దాచాడు. మిగిలింది అధ్యాహారం చేసుకోవాలి. చక్రం తీయాలి. కాలిపర్ విప్పి తీగతో పైన కట్టాలి; బ్రేకు గొట్టానికే వేలాడదీస్తే గొట్టం పాడవుతుంది. రోటర్ తీయాలి. బాల్ జాయింట్‌ను పట్టి ఉన్న బోల్టు తీసి, కంట్రోల్ ఆర్మ్‌ను గుణపంతో కిందికి అదమాలి. ఇరుసు కొన తుప్పుతో హబ్బుకు అతుక్కుంటే నట్టును కొనతో సమంగా వచ్చేదాకా తిప్పి పెట్టి సుత్తి వేయాలి; వట్టి కొన మీద వేస్తే అది నలిగి వెడల్పై ఇక బయటికి రాదు. గేర్‌పెట్టె వైపున లోపలి కీలు గిన్నె దగ్గరే ఎత్తి తీయాలి. కడ్డీ పట్టి గుంజితే కీలు విడిపోయి గిన్నె లోపలే ఉండిపోతుంది. మూలం ఎంత తేలికైతే అధ్యాహారం అంత బరువు. బండి రిపేరు పుస్తకాలన్నీ ఈ కవి శిష్యులు రాసినవే.

5. ‘క్లుప్తమౌ చప్పుడు’: వినబడిందనుకుంటే చాలదు. గిన్నెను పట్టి కొంచెం వెనక్కి లాగాలి, రాకపోతే కూర్చున్నట్టు. దారిలో సీలు గీరుకుంటే ఎర్రటి గేర్ నూనె నేల మీద సాక్ష్యమిస్తుంది. కారిన మేరకు ఏటీఎఫ్ ప్లస్ 4 పోయాలి.

6. ‘దింపి బిగియఁ దిప్పు’: పూర్వపక్షం: బిగియని నట్టుతో బండి బరువు మోస్తే బేరింగు చెడుతుంది కదా, దించాక బిగించమనడం దోషం కాదా? సమాధానం: ఒకరు బ్రేకు తొక్కి పట్టగా నట్టును గాలిలోనే గట్టిగా బిగించాలి. పద్యం చెప్పింది నేల మీద టార్క్ రెంచితో చూసే చివరి లెక్కను. మొదటి బిగింపు మళ్లీ అధ్యాహారమే.

7. క్రమం: పద్యంలో పదాలు ఎటున్నా పాఠకుడు అన్వయించుకుని సరిచేసుకుంటాడు. ఈ పద్యానికి ఆ సౌకర్యం లేదు. రాసిన వరసే అన్వయం.

అలంకారం: స్వభావోక్తి.

ఫలశ్రుతి

పాత ఇరుసును కొత్తది వచ్చిన పెట్టెలోనే పెట్టి దుకాణానికి తిరిగిస్తే ‘కోర్’ కింద కట్టిన సొమ్ము వాపసు వస్తుంది. ఖాళీ పార్కింగ్ లాట్‌లో స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి మెల్లగా నడపాలి. టకటక లేకపోతే పారాయణ ఫలించింది. ఇంకా వినిపిస్తే రెండో వైపు ఇరుసుకు ఇదే పద్యం మొదటినుంచి పఠించాలి. దాన్ని పునరుక్తి దోషంగా ఎంచరాదు.